ఓవెన్‌లో సాల్మన్: రోజూ వినే అపోహలు, అసలు సంగతులు

వంట క్లాసులకు వచ్చేవాళ్లను ఇంట్లో ఏది చేయడానికి జంకుతారని అడిగితే చాలామంది సాల్మన్ చేప పేరే చెబుతారు. నాకు అది వింతగా ఉంటుంది. ఆఫీసు నుంచి అలసిపోయి వచ్చి, ఒక పక్క పిల్లల హోంవర్కు నడుస్తుండగా, అరగంటలో ప్లేట్లోకి వచ్చే వంటల్లో ఇంత తేలికైనది అరుదు. తరగక్కర్లేదు, కలపక్కర్లేదు, పొయ్యి దగ్గర నిలబడక్కర్లేదు. మరి ఎండిపోయిందనీ, నీచు వాసన కొట్టిందనీ, పిల్లలు ముట్టలేదనీ ఫిర్యాదులెందుకు? నేను చూసినంతలో దాదాపు ప్రతిసారీ కారణం ఒకటే. సరిగ్గా ఉడికిందో లేదో అన్న భయంతో ఇంకో ఐదు నిమిషాలు, ఇంకో ఐదు నిమిషాలు అంటూ ఓవెన్‌లోనే వదిలేస్తారు. ఆ భయాన్ని పెంచే మాటలు కొన్ని ఉన్నాయి.

అపోహ: ఫోర్కు తగలగానే పొరలు పొరలుగా ఊడిపోతేనే ఉడికినట్టు.

వాస్తవం: అంత సులువుగా ఊడిపోతోందంటే దాటిపోయినట్టే. ఓవెన్ నుంచి తీశాక కూడా పైనున్న వేడి లోపలికి పాకుతూనే ఉంటుంది. ముక్క మందాన్ని బట్టి మధ్యలో మరో మూడు, నాలుగు డిగ్రీలు పెరుగుతుంది. అందుకే రెస్టారెంట్ వంటగదుల్లో చాలామంది మధ్యభాగం 50-52 డిగ్రీల సెల్సియస్ చేరగానే తీసేసి, ఐదు నిమిషాలు పక్కన పెడతారు. అప్పుడు పొరలు విడతాయి కానీ పొడిపొడిగా రాలవు, లోపల కాస్త మెరుపు మిగిలి ఉంటుంది.

ఇక్కడ ఒక మాట దాచకుండా చెప్పాలి. అమెరికా వ్యవసాయ శాఖ చేపలకు సూచించే ఉష్ణోగ్రత 63 డిగ్రీలు. గర్భిణులు, చిన్నపిల్లలు, బాగా పెద్దవయసు వాళ్లు, రోగనిరోధక శక్తి తగ్గినవాళ్లు తినేటప్పుడు నేను ఆ అంకెకే కట్టుబడతాను. 60 దగ్గర తీసి, 63 చేరిందని చూసుకున్నాకే వడ్డిస్తాను. 63 దగ్గర కూడా సాల్మన్ బాగానే ఉంటుంది. పాడయ్యేది 70 దాటాకే, అదీ అంకె చూడకుండా ఊహ మీద వండినప్పుడే. వంటగదికి ఒకే ఒక్క పరికరం కొనుక్కోమంటే నేను ముందు ఆహార థర్మామీటరే కొనమంటాను. మొనను పక్కనుంచి, ముక్క బాగా మందంగా ఉన్నచోట గుచ్చాలి. పైనుంచి గుచ్చితే మొన ట్రేకి తగిలి తప్పు చెప్పే అవకాశం ఎక్కువ.

థర్మామీటర్ లేకపోతే సన్నని కత్తి మొనను మధ్యలో గుచ్చి ఐదు సెకన్లు ఉంచి, తీసి కింది పెదవికి తాకించండి. గోరువెచ్చగా తగిలితే తీసే సమయం వచ్చినట్టే. పాత చిట్కానే, కానీ అలవాటైతే మోసం చేయదు. 63 డిగ్రీలు కావాల్సినవాళ్ల ముక్కకు మాత్రం దీన్ని నమ్ముకోవద్దు.

అపోహ: పైకి ఉబికి వచ్చే తెల్లటి పదార్థం కొవ్వు. లేదంటే చేప పాడైంది.

వాస్తవం: రెండూ కావు. అది అల్బుమిన్ అనే ప్రోటీన్. వేడికి కండ బిగుసుకున్నప్పుడు లోపలున్న ద్రవం బయటికి వచ్చి, పైన గడ్డకడుతుంది. తినడానికి ఏ ఇబ్బందీ లేదు. నేను పనిలో చేరిన కొత్తలో ఇది చూసి ట్రే మొత్తం చెత్తబుట్టలో వేశాను. ఆ రోజు తిన్న తిట్లు ఇప్పటికీ గుర్తే! కొంచెం వస్తే పట్టించుకోవద్దు. గడ్డలు గడ్డలుగా వచ్చిందంటే మాత్రం వేడి ఎక్కువైందనో, సమయం మించిందనో చేప మీకు చెబుతున్నట్టు. దాన్ని తగ్గించుకోవాలంటే లీటరు నీళ్లలో 50 గ్రాముల ఉప్పు కరిగించి, ముక్కల్ని 10-15 నిమిషాలు అందులో ఉంచి, తీసి శుభ్రంగా తుడవండి. ఉప్పు లోపలిదాకా పడుతుంది, ముక్క కూడా జ్యూసీగా ఉంటుంది. ఓవెన్ వేడెక్కే సమయంలో ఈ పని అయిపోతుంది. తర్వాత విడిగా ఉప్పు చల్లేటప్పుడు మాత్రం చేయి వెనక్కి తీయండి.

అపోహ: 180 డిగ్రీల్లో 20 నిమిషాలు. ఎప్పుడైనా అంతే.

వాస్తవం: గడియారం కన్నా మందం ముఖ్యం. రెండున్నర సెంటీమీటర్ల మందం ఉన్న ముక్కకు 200 డిగ్రీల్లో సుమారు 10-13 నిమిషాలు పడుతుంది. సన్నని తోక ముక్కకు ఏడెనిమిది నిమిషాలే చాలు. ఫ్యాన్ ఉన్న ఓవెన్ అయితే 20 డిగ్రీలు తగ్గించండి. ఇంట్లో అందరికీ ఒకేలా రావాలంటే మధ్యభాగం నుంచి కోసిన ముక్కలే కొనండి. తోక ముక్క వస్తే, సన్నటి కొసను కిందికి మడిచి పెడితే మందం సమానమవుతుంది. బాగా ఉడికితేనే తినే మనిషి ప్రతి ఇంట్లో ఒకరుంటారు కదా, ఆ సన్న ముక్కను మడవకుండా వాళ్లకే కేటాయించడం ఇంకా తేలిక.

వెచ్చటి ట్రే కోసం కాచుకునే కుటుంబం కాకుండా, ఒక్కొక్కరు ఒక్కో టైముకి ఇల్లు చేరే కుటుంబం అయితే నేను చెప్పేది వేరు. 120-130 డిగ్రీల్లో 20-30 నిమిషాలు. ఆ వేడిలో ఐదు నిమిషాలు అటూ ఇటూ అయినా పెద్దగా నష్టం లేదు, తెల్లది కూడా తక్కువ వస్తుంది. పైన గోధుమరంగు రాదు, అంతే. నాకైతే ఈ పద్ధతే ఎక్కువ ఇష్టం.

అపోహ: ఫ్రీజర్‌లో గడ్డకట్టించింది రెండో రకం సరుకు.

వాస్తవం: పట్టిన కొద్ది గంటల్లో గడ్డకట్టించిన చేప, రోజుల తరబడి మంచు మీద ప్రయాణం చేసిన ‘ఫ్రెష్’ చేప కంటే మెరుగ్గా ఉండొచ్చు. కౌంటర్‌లో తాజాగా కనిపించేది కూడా ఒకప్పుడు గడ్డకట్టించి కరిగించిందే కావచ్చు, అడిగి చూడండి. వ్యాక్యూమ్ ప్యాకెట్లో ఉంటే, కవర్ కత్తిరించి గాలి తగలనిచ్చాకే ఫ్రిజ్‌లో కరగబెట్టాలి. గాలి లేనిచోట, ఫ్రిజ్ చల్లదనంలో కూడా పెరిగి విషం పుట్టించగల బోట్యులినమ్ అనే బ్యాక్టీరియా రకం ఒకటి ఉంది. దీన్ని చాలామంది పట్టించుకోరు.

కరగబెట్టడం మర్చిపోయారా? టెన్షన్ పడొద్దు. పైనున్న మంచు పొర పోయేలా చల్లటి నీళ్లతో తొలిపి, తుడిచి, నేరుగా 200 డిగ్రీల ఓవెన్‌లో పెట్టండి. 20-25 నిమిషాలు పడుతుంది. నూనె, మసాలా ముందే రాస్తే జారిపోతాయి, ఏడెనిమిది నిమిషాలయ్యాక రాయండి.

అపోహ: రాత్రంతా నిమ్మరసంలో నానితే రుచి బాగా పడుతుంది.

వాస్తవం: పులుపు కూడా ప్రోటీన్‌ను మారుస్తుంది. గంటలకొద్దీ నానితే పైపొర తెల్లబారి, సుద్దలా తయారవుతుంది. 15-20 నిమిషాలు మించనివ్వొద్దు. నేను నిమ్మకాయను వడ్డించేటప్పుడే పిండుతాను. వెల్లుల్లి, మిరియాలు, నూనె ముందే రాసుకోండి, ఫర్వాలేదు. తేనె కలిపిన పూత మాత్రం చివరి నాలుగైదు నిమిషాల్లోనే వేయాలి, లేకపోతే మాడుతుంది.

అపోహ: చేప కాబట్టి నీచు వాసన తప్పదు, అందుకే కుళాయి కింద బాగా కడగాలి.

వాస్తవం: తాజా సాల్మన్‌కు ఘాటైన నీచు వాసన ఉండదు. సముద్రపు చేపల కండలో సహజంగా ఉండే ఒక పదార్థాన్ని బ్యాక్టీరియా విడగొట్టినప్పుడు ట్రైమిథైల్ అమైన్ పుడుతుంది. నీచు వాసన దానిదే. అంటే వాసన గట్టిగా వస్తోందంటే చేప పాతబడిందన్నమాట. కడిగినందువల్ల తాజా అవదు. పైగా నీళ్ల తుంపర్లతో బ్యాక్టీరియా సింకంతా చిందుతుంది. పేపర్ టవల్‌తో అద్ది తుడవండి చాలు. పొడిగా ఉన్న ముక్కే పైన రంగు తిరుగుతుంది. వాసనంటే గిట్టని పిల్లలుంటే, ఉడికాక తోలు పక్కనున్న బూడిదరంగు పొరను గీరేయండి. అక్కడ కొవ్వు ఎక్కువ, రుచి కూడా గాఢంగా ఉంటుంది.

పిల్లల సంగతి వచ్చింది కాబట్టి: ముళ్లు లేవని రాసున్న ప్యాకెట్‌ను కూడా నమ్మకండి. తల వైపు నుంచి తోక వైపుకి, మళ్లీ ఎదురుగా వేలితో నిమిరి, గుచ్చుకున్నచోట ట్వీజర్‌తో ముల్లు వాలి ఉన్న దిక్కుకే లాగాలి. అడ్డంగా లాగితే కండ చిరుగుతుంది.

అపోహ: తోలు తీసేసే వండాలి.

వాస్తవం: ఉంచండి. కింద ట్రే వేడి నుంచి కండను కాపాడేది అదే. తోలు కిందికి పెట్టి, మధ్యలో తిప్పకుండా వండితే, చివర్లో గరిటెను తోలుకీ కండకీ మధ్య దూర్చగానే ముక్క శుభ్రంగా వచ్చేస్తుంది.

అపోహ: ఫారాల్లో పెంచిన సాల్మన్‌కు రంగు పూస్తారు.

వాస్తవం: పూయరు. మేతలో అస్టాక్సాంథిన్ అనే రంగునిచ్చే పదార్థం ఉంటుంది. పెంచకుండా సహజంగా పెరిగే సాల్మన్ కూడా రొయ్యల్లాంటి చిన్న జీవుల్ని తిని అదే పదార్థంతో ఆ రంగు తెచ్చుకుంటుంది. వంటకు పనికొచ్చే తేడా కొవ్వులో ఉంది. పెంచిన చేపలో కొవ్వు ఎక్కువ కాబట్టి చిన్న తప్పుల్ని క్షమిస్తుంది. సహజంగా పెరిగే ఎర్రటి సాకై (sockeye) రకం క్షమించదు, రెండు మూడు నిమిషాలు ముందే చూడటం మొదలుపెట్టండి.

అపోహ: ఓవెన్ వేడికి ఒమేగా-3 మొత్తం పోతుంది.

వాస్తవం: ఎక్కువ భాగం ముక్కలోనే ఉంటుంది.

మిగిలిపోయిన ముక్కను రెండు గంటల్లోపే ఫ్రిజ్‌లో పెట్టి, మూడు రోజుల్లో తినేయండి. మైక్రోవేవ్‌లో పెడితే ఇల్లంతా వాసన, ముక్క రబ్బరు. చల్లగానే విరిచి సలాడ్‌లోనో శాండ్‌విచ్‌లోనో వేసుకుంటే మర్నాటి లంచ్ బాక్స్ అయిపోతుంది.