ఆపినా చల్లారని రియాక్టర్: అణు కరెంటు గొడవ వెనకున్న కథ

న్యూక్లియర్ పవర్ మాటెత్తగానే ఒకళ్ళు చెర్నోబిల్ అంటారు, ఇంకొకళ్ళు కార్బన్ లేదుగా అంటారు, వాదన అక్కడే ఆగిపోతుంది. నన్నడిగితే ఈ చరిత్రలో సగం ఒక్క సమస్య చుట్టూనే తిరుగుతుంది. కంట్రోల్ రాడ్లు దించి, యురేనియం పరమాణువులు వరసగా చీలుతూ పోయే చెయిన్ రియాక్షన్‌ని ఆపేసినా, అప్పటికే చీలిన యురేనియం ముక్కలు వేడి పుట్టిస్తూనే ఉంటాయి. ఆపిన క్షణంలో అది మొత్తం వేడిలో 6-7 శాతం, అంటే 3000 మెగావాట్ల వేడినిచ్చే రియాక్టర్‌లో దాదాపు 200 మెగావాట్లు.

మొదట్లో ఈ బాధే లేదు. 1942 డిసెంబర్ 2న చికాగోలో ఎన్రికో ఫెర్మీ టీం నడిపిన మొదటి రియాక్టర్ పవర్ అర వాటు, దానికి కూలింగే పెట్టలేదు. 1951లో అమెరికాలోనే ఐడహోలో నాలుగు బల్బులు వెలిగించారు, 1954లో సోవియట్ వాళ్ళు ఓబ్నిన్స్క్‌లో 5 మెగావాట్లతో గ్రిడ్‌కి కరెంటిచ్చారు. 1956లో బ్రిటన్ కాల్డర్ హాల్ మొదలెట్టింది, శాంతి కోసం అన్నారు గానీ దాని అసలు పని బాంబులకి ప్లుటోనియం తయారీ. జనంలో ఉన్న అనుమానం ఊరికే పుట్టలేదు మరి.

1973లో చమురు ధరలు మండిపోయేసరికి ఫ్రాన్స్ వరసపెట్టి రియాక్టర్లు కట్టేసింది, తర్వాత ఆ దేశం కరెంటులో 70 శాతం పైన వాటినుంచే వచ్చింది.

1979 మార్చి 28, అమెరికాలో త్రీ మైల్ ఐలాండ్. రియాక్టర్ ఆగింది, కానీ ఒక వాల్వ్ తెరుచుకుని మూసుకోలేదు, దాన్నుంచి కూలింగ్ నీళ్ళు బయటికి పోతూనే ఉన్నాయి, ప్యానెల్ మీద లైటేమో వాల్వ్ మూసుకుందా లేదా అన్నది కాదు, మూసుకోమని సిగ్నల్ వెళ్ళిందా లేదా అన్నదే చూపించేది. ఆపరేటర్లు నీళ్ళు ఎక్కువయ్యాయనుకుని ఎమర్జెన్సీ నీళ్ళు తగ్గించేశారు, ఇంధనం ఉండే కోర్‌లో దాదాపు సగం కరిగిపోయింది.

1986 చెర్నోబిల్ వేరే రకం, అక్కడ పవర్ ఒక్కసారిగా ఎగబాకి పేలింది, అయితే ఆ రాత్రి చేస్తున్న టెస్టేంటో తెలుసా, కరెంటు పోతే డీజిల్ జనరేటర్లు అందుకునేదాకా ఆగిపోతున్న టర్బైన్ తిరుగుడుతో పంపులు నడుస్తాయా అని! అంటే సేఫ్టీ టెస్టే. 2011 ఫుకుషిమాలో భూకంపం రాగానే రియాక్టర్లు బుద్ధిగా ఆగాయి, తర్వాత సునామీ కింది అంతస్తుల్లోని డీజిల్ జనరేటర్లని ముంచేసింది, కూలింగ్ లేక మూడు కోర్‌లు కరిగాయి.

అయినా ఈ ప్రమాదాలన్నీ లెక్కేసుకున్నా, యూనిట్ కరెంటుకి చనిపోయినవాళ్ళు బొగ్గుతో పోలిస్తే చాలా చాలా తక్కువ. బొగ్గు పొగతో పోయే ప్రాణాలు విడివిడిగా పోతాయి కాబట్టి వార్త కావు. జర్మనీ మాత్రం 2023 ఏప్రిల్‌లో చివరి మూడు రియాక్టర్లూ మూసేసింది, బొగ్గు ప్లాంట్లు ఇంకా నడుస్తుండగానే. అది తప్పు వరసే అని నా అభిప్రాయం.

వాడేసిన ఇంధనం కూడా ఏళ్ళ తరబడి నీళ్ళ ట్యాంకుల్లో చల్లారాలి, ఆ తర్వాత ఎక్కడ పెట్టాలన్నది చాలా దేశాలు తేల్చుకోలేదు, ఫిన్లాండ్ మాత్రం ఓన్కాలోలో 400 మీటర్లకి పైగా లోతున రాతిలో సొరంగాలు తవ్వింది.

ఇక కొత్త డిజైన్లలో ఏపీ1000 అనే అమెరికన్ రియాక్టర్ మోడల్ లాంటివి పంపులు లేకుండా, పైనున్న ట్యాంకు నీళ్ళతో 72 గంటలు తమంతట తామే చల్లబడతాయి. పాత సమస్యకి జవాబు చాలావరకు దొరికినట్టే, కానీ అమెరికాలో వోగిల్ ప్లాంటులో అలాంటివి రెండు కట్టేసరికి ఖర్చు 3000 కోట్ల డాలర్లు దాటింది, ఏళ్ళ కొద్దీ లేటు కూడా అయింది. ఇప్పుడు కంపెనీలు వెనకాడేది రేడియేషన్‌కి కాదు, ఆ బిల్లుకి.