సారెక్: రాతిపిండిని మోసే నది

స్వీడన్ ఉత్తరాన, ఆర్కిటిక్ వలయానికి పైన, సారెక్ జాతీయ ఉద్యానవనం ఉంది. విస్తీర్ణం దాదాపు 1,970 చదరపు కిలోమీటర్లు. లోపలికి రోడ్డు లేదు, రాత్రి తలదాచుకోవడానికి పర్యాటకుల వసతి గృహాలు లేవు. వాగులు చాలావరకు కాలినడకనే దాటాలి. చాలామంది అక్కడి శిఖరాల గురించే చెబుతారు. నన్నడిగితే ముందు చూడాల్సింది రాపా నదిని.

వేసవిలో ఆ నీళ్లు పాలు కలిపినట్టు బూడిదరంగులో పారుతాయి. అది కాలుష్యం కాదు. సారెక్‌లో సుమారు వంద హిమానీనదాలున్నాయి. ఒక్కోటీ తన అడుగున ఇరుక్కున్న రాళ్లతో కింది కొండను తిరగలిలా నూరుతూ కదులుతుంది. అలా నలిగిన రాయి ఎంత మెత్తగా ఉంటుందంటే, నీళ్లలో పడ్డాక త్వరగా అడుగుకు చేరదు. దాదాపు ముప్ఫై హిమానీనదాల నుంచి వచ్చే ఈ రాతిపిండిని రాపా మోసుకెళ్తుంది. ఏడాది పొడవునా సమానంగా కాదు. మంచు జోరుగా కరిగే రోజుల్లో, పెద్ద వానలు పడ్డప్పుడు, నది ఒక్కసారిగా బరువెక్కుతుంది.

ఆ బరువంతా దిగేది లాయిటౌరే సరస్సు దగ్గర. నీటి వేగం తగ్గగానే ఒండ్రు పేరుకుంటుంది, పాయలు చీలతాయి, పాత పాయలు మూసుకుపోయి చిన్న చిన్న మడుగులు మిగులుతాయి. పక్కనే నిలువుగా లేచిన స్కియర్ఫే కొండ అంచు నుంచి చూస్తే డెల్టా మొత్తం ఒక్క చూపులో కనిపిస్తుంది. కొండ అరిగి నేలగా మారే పనిని మొదటినుంచి చివరిదాకా ఒకేచోట చూడగలిగే ప్రదేశాలు చాలా అరుదు. ఆ ఒండ్రు మీద పెరిగే విల్లో పొదల్ని మేసి రాపా లోయలో మూస్ దుప్పులు భారీగా ఎదుగుతాయి.

ఈ హిమానీనదాల గురించి మనకు తెలిసినదానికి పునాది వేసింది స్వీడన్ శాస్త్రవేత్త ఆక్సెల్ హాంబెర్గ్. 1895 నుంచి దశాబ్దాల పాటు ఆయన ఇక్కడ మంచునీ వాతావరణాన్నీ కొలిచాడు, పటాలు గీశాడు. పోర్టే కొండ మీద, 1,800 మీటర్లకు పైన, పరిశీలన కోసం ఒక గది కట్టించాడు. నాటి కొలతలున్నాయి కాబట్టే, ఈ హిమానీనదాలు ఎంత వెనక్కి తగ్గాయో ఇవాళ పోల్చి చెప్పగలుగుతున్నాం.

1909లో స్వీడన్ ఒకేసారి తొమ్మిది జాతీయ ఉద్యానవనాలు ప్రకటించింది. యూరప్‌లో అవే మొదటివి. సారెక్‌తో పాటు పక్కనున్న స్టోరా షోఫాలెట్ కూడా ఆ జాబితాలో ఉంది. అక్కడ పెద్ద జలపాతం ఉండేది. కానీ కరెంటు అవసరం ముంచుకొచ్చేసరికి, 1919లో పార్లమెంటు అక్కడి సరస్సుల ప్రాంతాన్ని ఉద్యానవనం హద్దుల నుంచి తీసేసింది. సుయోర్వా డ్యామ్ లేచింది, జలపాతం బలహీనపడింది. డ్యామ్ ఎత్తు పెంచిన ప్రతిసారీ ఈ ప్రాంతపు ఆదివాసులైన సామి ప్రజల ఇళ్లు, మేత భూములు మునిగాయి. 1919 నాటికి ఆ రక్షణ రాసుకుని పదేళ్లే! రాపా మాత్రం ఉద్యానవనం లోపల నేటికీ ఆనకట్ట లేకుండానే పారుతోంది. అయితే లాయిటౌరే దాటిన కొంత దూరానికే ఆ నీళ్లు ఒక జలాశయంలో కలుస్తాయి.

సారెక్‌ను మనిషి అడుగుపెట్టని చోటుగా వర్ణించడం నాకు సరికాదనిపిస్తుంది. సామి కుటుంబాలు తరతరాలుగా ఇక్కడ రెయిన్‌డీర్ మేపుతున్నాయి, ఆ హక్కు ఇప్పటికీ ఉంది. 1996లో సారెక్‌తో సహా ఈ ప్రాంతమంతా లాపోనియా పేరుతో యునెస్కో వారసత్వ జాబితాలో చేరినప్పుడు, ప్రకృతితో పాటు సామి సంస్కృతినీ కారణంగా చూపారు. ఇప్పుడు లాపోనియాను నిర్వహించే సంస్థ బోర్డులో సామి ప్రతినిధులదే మెజారిటీ.