కాన్వాసు మీద నల్లరేగడి

విజయవాడ మొగల్రాజపురంలో, కొండ పక్కనే ఒక మేడమీద గదిలో నాకు తెలిసిన చిత్రకారిణి ఒకరు పనిచేస్తుంటారు. ఆవిడ గదిలో ట్యూబు రంగులకంటే పాత డబ్బాలే ఎక్కువ. గుంటూరు వైపు చేలలోంచి తెచ్చిన నల్లరేగడి, జల్లెడ పట్టిన కృష్ణ ఇసుక, ఎర్రమట్టి, సున్నం, దుగ్గిరాల పసుపు, తుమ్మబంక. మొదటిసారి వెళ్లినప్పుడు గోడకు ఆనించిన పెద్ద కాన్వాసు చూసి అందరూ అడిగేదే నేనూ అడిగాను, "ఇది ఏం బొమ్మండీ?" అని.

"బొమ్మ కాదండీ, మన రేగడే" అన్నారావిడ.

నైరూప్య చిత్రం, అంటే ఫలానా రూపమంటూ లేని బొమ్మ అనగానే "మనకి అర్థం కాదులే" అని తప్పుకునేవాళ్లు చాలామంది ఉన్నారు. నేనూ అలాంటివాణ్నే. ఆ రోజు మాత్రం దగ్గరగా వెళ్లి చూశాను. కాన్వాసు నిండా పగుళ్లు. ఎండాకాలం చేలో చెయ్యి దూరేంత నెర్రెలు చూసినవాళ్లకు అవి కొత్త కావు. రేగడిలోని బంకమట్టి కంటికి కనిపించనంత పలుచటి పొరల దొంతర. ఒక్కో పొర మందం మిల్లీమీటరులో పది లక్షల వంతు దగ్గర్లో ఉంటుంది. పొరల మధ్యకు నీరు చేరితే మట్టి ఉబ్బుతుంది, ఆ నీరు పోతే ముడుచుకుంటుంది. చేలో అయితే ముడుచుకోవడానికి కొంత చోటుంది. కాన్వాసు మీద మట్టి అడుగున గుడ్డను పట్టుకుని ఉంటుంది కాబట్టి పైన ముడుచుకోవాలని చూసినా అడుగు కదలనివ్వదు. ఆ లాగుడు తట్టుకోలేక ఎక్కడో ఒకచోట ఫట్‌మని చీలుతుంది.

ఒక చీలిక వచ్చాక దాని రెండు పక్కలా కొంతమేర లాగుడు తగ్గుతుంది. ఎంతమేర అన్నది పూత మందాన్ని బట్టి ఉంటుంది. అందుకే పలచగా పూస్తే సన్నటి వల, మందంగా పూస్తే అరచేతులంత పెంకులు. మరీ పలచనైతే అసలు పగలదు. ఇంకా ముచ్చటైన సంగతి, పగుళ్లు కలిసేచోట ఉంది. పాత చీలిక పక్కన దానికి అడ్డంగా ఉండే లాగుడు సడలిపోయి, దాని వెంబడి ఉన్నదే మిగులుతుంది. కొత్త చీలిక ఎప్పుడూ మిగిలిన లాగుడుకు అడ్డంగానే సాగుతుంది కాబట్టి పాతదాన్ని నిలువునా వచ్చి తాకి, అక్కడే ఆగిపోతుంది. అంటే అలా కలిసిన చోట ఆగకుండా సాగిపోయే గీత ముందు పుట్టింది, వచ్చి ఆగిన గీత తర్వాత పుట్టింది. ఈ ఒక్క కిటుకు తెలిశాక ఆ కాన్వాసు మీద ఏ పగులు ముందు వచ్చిందో ఏది వెనక వచ్చిందో వేలితో చూపిస్తూ చదివేశాను. మట్టి తడుస్తూ ఎండుతూ చాలాసార్లు గడిస్తే ఈ లంబకోణాలు మెల్లగా మూడు వైపులా ఇంచుమించు సమానంగా విడిపోయే కూడలిగా సర్దుకుంటాయి. చెరువు అడుగున కనిపించే ఆరు పలకల పెంకులు అలా వచ్చినవే.

ఇటలీ చిత్రకారుడు ఆల్బెర్తో బుర్రి 1970లలో కావాలనే పగిలే పూతలతో వరసగా చిత్రాలు చేశాడు. తెల్లమట్టి, జింకు తెలుపు, వినైల్ జిగురు కలిపి మందంగా పూసి ఎండనిచ్చేవాడు. చిత్రకారుడు కాకముందు ఆయన డాక్టరు. 1968 భూకంపంలో నేలమట్టమైన సిసిలీలోని జిబెల్లీనా ఊరి శిథిలాలను తెల్ల కాంక్రీటుతో కప్పించి, మనుషులు నడిచే సందులనే పగుళ్లుగా వదిలాడు. పాత వీధులు చాలావరకు ఆ సందుల్లోనే ఉన్నాయి. 1984లో మొదలైన ఆ పని, ఆయన పోయాక ఎన్నో ఏళ్లకు, 2015లో పూర్తయింది.

మా చిత్రకారిణి పగులును పూర్తిగా ఎండకు వదిలేయరు. పగుళ్లు తగ్గాలంటే ఇసుక ఎక్కువ కలుపుతారు. ఇసుక రేణువు ముడుచుకోదు కదా. అసలు పగలకూడదనుకున్న చోట తరిగిన వరిగడ్డి వేస్తారు, మట్టిగోడకు వేసినట్టే. మే నెల ఎండకు పైభాగం ముందే ఎండిపోయి పెంకుల అంచులు పైకి లేస్తాయి కాబట్టి తడి గోనెపట్టా కప్పుతారు. స్లాబు మీద తడి గోనెలు పరిచేవాళ్లను చూసి నేర్చుకున్నానని చెప్పారు.

ఇక రంగు. తొలకరి చినుకు పడగానే చేను ఒక్కసారిగా నల్లబడటం అందరం చూసిందే. నీళ్లకు నల్లరంగు లేదు మరి. పొడిమట్టిలో రేణువుల మధ్య గాలి ఉంటుంది. మట్టినుంచి గాలిలోకి వచ్చేటప్పుడు వెలుగు బాగా వంగి, చెదిరి, చాలావరకు మన కంటివైపు తిరిగొస్తుంది. ఆ గాలి స్థానంలో నీరు చేరితే వంపు తగ్గుతుంది. వెలుగు లోలోపలికి పోతుంది, పోయినకొద్దీ మట్టి దాన్ని మింగేస్తుంది. బంక పనీ అదే. "తక్కువైతే రాలిపోతుంది, ఎక్కువైతే నల్లబడుతుంది" అని ఆవిడ రోజూ పడే తంటా వెనక ఉన్నది ఈ వెలుగు లెక్కే. బంక ఎండి రేణువుల సందులు పూడ్చేస్తే మట్టి ఎప్పటికీ తడిసినట్టే కనిపిస్తుంది. అందుకే రేణువును రేణువుకు అంటించేంత మాత్రమే బంక వేసి, మిగతా సందు గాలికి వదులుతారు. ఆ గరుకుదనం చేతికి ఎంత తెలుస్తుందో కంటికీ అంతే తెలుస్తుంది. సుద్దముక్కను నూనెలో ముంచి చూడండి, తెలుపు తగ్గి మసకగా అయిపోతుంది. లోపలి పదార్థం మారలేదు, సందుల్లో గాలి పోయింది, అంతే.

ఎర్రమట్టి నమ్మకస్తురాలు. అందులో ఎరుపు తుప్పుది. ఇనుము అప్పటికే ఆక్సిజన్‌తో పూర్తిగా కలిసిపోయింది కాబట్టి వెలుగు దాన్ని ఇంకేం చేయలేదు. గుహల గోడల మీద వేల ఏళ్లనాటి ఎర్ర బొమ్మలు నిలిచింది అందుకే. పసుపుమట్టిని పెనం మీద గట్టిగా వేయిస్తే దాని అణువుల్లోని నీటి అంశ పోయి అదీ ఎర్రబడుతుంది. ఆవిడ నా ముందే వేయించి చూపించారు.

పసుపుకొమ్ము రంగు అలా కాదు. దిష్టి తీసే ఎర్రనీళ్లు తెలియని ఇల్లు మనకు లేదు. పసుపుకు రంగునిచ్చే కర్కుమిన్ అనే పదార్థం సున్నం క్షారానికి ఎర్రబడుతుంది. ఆవిడ ఒక కాన్వాసు మీద పసుపు పూసి సున్నపు తేటను కుంచెతో చిలకరించారు. చినుకు పడ్డచోటల్లా ఎర్రటి పువ్వు విచ్చుకుంది. ఎంత అందంగా ఉందో చెప్పలేను. కానీ క్షారంలో కర్కుమిన్ ఎక్కువసేపు బతకదు, త్వరగానే విరిగిపోతుంది. సున్నం కూడా గాలిలోని కార్బన్ డయాక్సైడును పీల్చుకుని సుద్దగా మారి ఘాటు తగ్గిపోతుంది. ఆ ఎరుపు గోధుమరంగుకు దిగింది. సున్నం తగలని పసుపు కూడా వెలుగుకు వెలిసిపోతుంది. మిరపకాయ ఎరుపుదీ అదే గతి. గుంటూరులో కాయలను కోల్డ్ స్టోరేజీల్లో దాచేది ఆ రంగు నిలవడానికి కూడా.

ఈసారి వెళ్లినప్పుడు ఆ పసుపు కాన్వాసును కిటికీ పక్కనుంచి దించి ఫ్రేము విప్పారు. మధ్యలో అంతా వెలిసి, పాత పేపరు రంగుకొచ్చింది. సున్నం చినుకులు పడ్డచోట తెల్లటి గరుకు మచ్చలు మాత్రం వేలికి తగులుతున్నాయి. ఫ్రేము అంచు కింద, ఎండ సోకని వేలెడు వెడల్పు మేర, పసుపు ఇంకా నిన్న పూసినట్టే ఉంది.