హారన్ మోగుతుంది, సెల్ఫ్ మూలుగుతుంది

"బ్యాటరీ కొత్తదే, హారన్ ఊరంతా వినబడుతుంది, లైట్లు బాగానే వెలుగుతాయి. సెల్ఫ్ కొడితే మాత్రం ఇంజన్ మూలుగుతూ తిరుగుతుంది, ఎందుకు?" అని పాత ట్రాక్టరున్న ఒక రైతు అడిగారు. హారన్‌ని నమ్మకండి. ఈ కేసులో అది పనికిరాని సాక్షి.

హెడ్‌లైటు లాగేది 5 ఆంపియర్లు. డీజిల్ ట్రాక్టర్ సెల్ఫ్ మోటారుకి 200 ఆంపియర్ల పైనే కావాలి, మొదటి కుదుపులో ఇంకా ఎక్కువ. దారిలో ఏ లగ్గు (వైరు చివర బోల్టుకి బిగించే లోహపు ముక్క) దగ్గరో తుప్పు పట్టి 0.01 ఓమ్ నిరోధం చేరిందనుకోండి. లైటుకి పోయేది 0.05 వోల్టు, ఎవరికీ తెలియదు. అదే సెల్ఫ్‌కి 2 వోల్టులు! ఉన్న 12లో, మోటారు తిరగకముందే. ఆ 2 వోల్టులూ 200 ఆంపియర్లతో కలిసి లగ్గు దగ్గరే 400 వాట్ల వేడిగా మారతాయి. అందుకే పాత మెకానిక్‌లు సెల్ఫ్ కొట్టాక వైరు చివర్లు చేత్తో తడిమి చూస్తారు, వేడెక్కిన చోటే దొంగ ఉంటాడు.

పంటకాలువ తూములో చెత్త ఇరుక్కుందనుకోండి. సన్నగా నీళ్లు పారుతున్నంతసేపూ అది అడ్డే కాదు. కాలువ నిండా వదిలిన రోజున తూముకి ఎగువన నీళ్లు ఎగదన్నుతాయి, దిగువ పొలానికి అందవు. ఎగువకీ దిగువకీ మట్టంలో వచ్చే ఆ తేడాయే వోల్టేజి డ్రాప్. ఇంకో సంగతి, నీళ్లు పారకుండా నిలబెట్టి కొలిస్తే రెండు వైపులా మట్టం ఒక్కటే ఉంటుంది, చెత్త ఉన్నట్టే తెలియదు. మనవాళ్లు చేసే పని సరిగ్గా అదే: ట్రాక్టర్ ఆపి ఉండగా మీటర్ పెట్టి, 12.6 చూసి, కరెంటు బాగుందని తేల్చేసి సెల్ఫ్ మోటార్ విప్పేస్తారు. పారుతున్నప్పుడు కొలవాలి. పదో తరగతిలో ఓమ్ నియమం మీద లెక్కలు చేయిస్తారే గానీ, ఈ ఒక్క ముక్క ట్రాక్టర్ దగ్గర నిలబెట్టి చూపిస్తే ఏ పిల్లాడూ జన్మలో మర్చిపోడు.

చేయడం తేలిక. గేరు న్యూట్రల్‌లో పెట్టి, ఇంజన్ అందుకోకుండా స్టాప్ నాబ్ లాగి పట్టుకుని, ఒకరు సెల్ఫ్ కొట్టాలి. మీటర్ ఒక మొన బ్యాటరీ ప్లస్ స్తంభం మీద (క్లాంపు మీద కాదు, సీసం మీదే), రెండోది సెల్ఫ్ మోటారులోకి కరెంటు వెళ్లే బోల్టు మీద. అర వోల్టు దాటకూడదు. తర్వాత మైనస్ స్తంభానికీ సెల్ఫ్ బాడీకీ మధ్య చూడాలి, ఇక్కడ 0.2, మహా అయితే 0.3. చాలా పాత బళ్లలో తప్పు ఈ ఎర్త్ వైపే దొరుకుతుంది. ట్రాక్టరుకి కొత్తగా రంగు వేయించినప్పుడు ఎర్త్ లగ్గు కింద కూడా పెయింటు పడిందా, అంతే సంగతులు. క్లాంపు విప్పితే లోపల బూడిద రంగు పొర కనిపిస్తుంది, గరుకు కాగితంతో మెరిసేదాకా రుద్ది, బిగించాక పైన గ్రీజు రాయాలి. తెల్లగా పొంగిన పొడికి వంట సోడా కలిపిన వేడినీళ్లు చాలు, సెల్ మూతల్లోకి పోకుండా చూసుకోండి.

సన్నని వైరూ అంతే. 35 చదరపు మిల్లీమీటర్ల రాగి కేబులు మీటరుకి అర మిల్లీఓమ్, 200 ఆంపియర్లకి 0.1 వోల్టు. చవకని 10 చదరపు మిల్లీమీటర్లది వేస్తే మీటరుకి 0.34 వోల్టు.

రెండు వైపులా బాగుండి, సెల్ఫ్ కొట్టేటప్పుడు బ్యాటరీ స్తంభాల మధ్యే 9.6 కంటే కిందికి పడుతుంటే? బ్యాటరీ నీరసించి ఉండాలి, లేదా మోటారు మితిమీరి లాగుతుండాలి. ఇక్కడ వైరు చుట్టూ తగిలించి కరెంటు ఎంతో చూసే క్లాంప్ మీటర్ కావాలి, డీసీ కొలిచేది. ఇరుసుని పట్టి ఉంచే బుష్‌లు అరిగితే, మోటారులో తిరిగే భాగం, అంటే ఆర్మేచర్, పక్కకి ఒరిగి చుట్టూ ఉన్న ఇనుప పోల్‌లకు రాసుకుంటుంది, కరెంటు విపరీతం, తిరగడం నిదానం. విప్పి చూస్తే ఆర్మేచర్ మీద రాపిడి మెరుపు స్పష్టంగా కనిపిస్తుంది. ఆర్మేచర్‌కి కరెంటు అందించే కార్బన్ బ్రష్‌లు అరిగితే దీనికి తిరగబడిన కథ: నిదానమే, కానీ కరెంటు తక్కువ.

బ్యాటరీని గచ్చు మీద పెడితే చార్జి నేలలోకి దిగిపోతుందనే మాట ఒకటుంది. దిగదు, ప్లాస్టిక్ డబ్బా మంచి ఇన్సులేటర్. టైరు కింద నిమ్మకాయల సంగతి దసరాకి వదిలేద్దాం.

నిదానంగా తిరిగితే మాత్రం ఏమైందంటారా, డీజిల్‌కి స్పార్క్ ప్లగ్ లేదు కదా, గాలిని పదహారు, పదిహేడో వంతుకు నొక్కితే పుట్టే వేడితోనే అంటుకోవాలి. నెమ్మదిగా నొక్కితే ఆ వేడి సిలిండర్ గోడలు తాగేస్తాయి, గాలి పిస్టన్ రింగుల సందుల్లోంచి జారిపోతుంది. డిసెంబరులో ఆదిలాబాద్ వైపు పొద్దున్నే గోడలు, ఆయిలు, బ్యాటరీ మూడూ చల్లబడి ఉంటాయి, అందుకే అక్కడ ఈ గొడవ ఎక్కువ.

అలాగని సెల్ఫ్ నొక్కిపట్టి ఉంచకండి. 1910ల మొదట్లో అమెరికాలో చార్లెస్ కెటరింగ్ కార్లకి సెల్ఫ్ స్టార్టర్ తయారుచేసినప్పుడు దాని కీలకం ఇదే: కొన్ని సెకన్లే పనిచేసే చిన్న మోటారు మీద తన స్తోమతకు మించి భారం వేయొచ్చు. పది సెకన్లు కొట్టి, అర నిమిషమైనా ఆగాలి. లేకపోతే లోపలి వైండింగ్ వాసన మీకే తెలుస్తుంది.