బ్యాంకాక్‌లో తగిలిన మోచెయ్యి

చైనాలోని చెంగ్దూ పోటీ వీడియో మళ్లీ ఫోన్లలో తిరుగుతోంది. 2017 ఏప్రిల్‌లో చైనా సంప్రదాయ విద్య తైచీ నేర్పే గురువు వెయ్ లెయ్‌కి, అన్ని విద్యలూ కలిపి ఆడే ఎంఎంఏ ఫైటర్ షు షియావొదాంగ్ అర నిమిషం కూడా తిరక్కుండా మట్టి కరిపించిన వీడియో అది. దాంతోపాటే పాత తగువూ లేచింది: ఏ విద్య గొప్పది, వేర్వేరు విద్యలవాళ్లు తలపడితే తేలేదేమిటి అని. బ్రూస్ లీ, బ్రెజిల్ జుజుత్సు గురువుల గ్రేసీ కుటుంబం, 1993లో డెన్వర్‌లో జరిగిన మొదటి యూఎఫ్‌సీ ఎంఎంఏ పోటీ అందరూ విన్నవే. మా లెక్కలో ఈ తగువుకి కీలకం 1964 ఫిబ్రవరిలో బ్యాంకాక్ లుంపినీ స్టేడియంలో ఉంది.

మాసుతత్సు ఒయామా కరాటే బడి నుంచి ముగ్గురు జపాన్‌వాళ్లు థాయ్ బాక్సర్ల మీదికి వెళ్లారు. తదాషి నకమురా, అకియో ఫుజిహిరా నాకౌట్‌తో గెలిచారు. మూడోవాడు కెంజి కురొసాకి. శిక్షకుడిగా ఉన్నవాడు, మనిషి తక్కువై తానే బరిలోకి దిగాడు. మోచేతి దెబ్బకు పడిపోయాడు. లెక్క రెండు ఒకటి, కరాటేదే పైచెయ్యి. ఆ తర్వాత కథను నడిపింది మాత్రం ఓడిన ఆ ఒక్కడే.

కరాటేవాడికి మోచెయ్యి ఎలా తగులుతుందో ప్రాథమిక సాధనలోనే కనిపిస్తుంది. ఒక చెయ్యి గుద్దుతుంటే రెండో పిడికిలి నడుం దగ్గరికి లాక్కోవాలి, దీన్ని హికితే అంటారు. ఒంటరిగా వరుస కదలికలు చేసే కటాలో చూడ ముచ్చటగా ఉంటుంది. థాయ్ బాక్సర్ మెడ వెనక చేతులు వేసి గుంజేసరికి, నడుం దగ్గరున్న ఆ పిడికిలి పైకి రావడానికి పట్టే సమయంలో మోచెయ్యి కణత మీద పడిపోతుంది. జానెడు దూరంలో గుద్దుకి బలం రాదు, మోచేతికి అదే సరైన దూరం.

1969లో కురొసాకి టోక్యోలో మెజిరో జిమ్ తెరిచి కిక్‌బాక్సర్లను తయారుచేయడం మొదలుపెట్టాడు. 1978లో ఆయన శిష్యుడు తోషియో ఫుజివారా బ్యాంకాక్ రాజదమ్నెర్న్ స్టేడియం టైటిల్ కొట్టాడు. థాయ్ కానివాడికి అది దక్కడం అదే మొదలు. కురొసాకి దగ్గరే నేర్చుకున్న యాన్ ప్లాస్ అదే ఏడు ఆమ్‌స్టర్‌డామ్‌లో మెజిరో పేరుతోనే జిమ్ పెట్టాడు. తలకు రెండు మూడు గుద్దులు వేసి, ఎదుటివాడు చేతులు పైకెత్తగానే తొడ మీద ముంగాలి ఎముకతో కొట్టే డచ్ పద్ధతి అలాంటి జిమ్ముల్లోనే పదునెక్కింది. అందులో గుద్దులు బాక్సింగ్‌వి, తన్ను థాయ్‌లాండ్‌ది, క్రమశిక్షణ కరాటే బడిది.

చైనాలో జరిగింది వేరు. చెంగ్దూ పోటీ యుద్ధవిద్యల నీతికి విరుద్ధమని చైనా యుద్ధవిద్యల సంస్థ అయిన వుషు సంఘం ఖండించింది. తైచీ పెద్ద చెన్ షియావొవాంగ్‌ని మోసగాడన్నందుకు షు క్షమాపణ చెప్పాలని 2019లో కోర్టు తీర్పిచ్చింది. 2020 మేలో మా బావొగువో అనే 69 ఏళ్ల తైచీ గురువు అర నిమిషంలో నాకౌట్ అయ్యాడు. ఆ జూలైలో అదే వుషు సంఘం, ఎవరూ తమను తాము 'మాస్టర్' అని చెప్పుకోవద్దని సాధకులను కోరింది.

గ్లవ్స్ వేస్తే మా వేళ్లకు పనిలేదు, కళ్లూ గొంతూ నిషేధమైతే మా విద్యలో మిగిలేదేమిటి అని సంప్రదాయవాదులు అడుగుతారు. ప్రశ్న న్యాయమైనదే. జవాబు 1882లో జూడో పెట్టిన జిగోరో కనో అప్పుడే చెప్పాడు: ప్రాణం తీసే దెబ్బలు కటాకే ఉంచి, మిగిలినవి రందోరీలో, అంటే స్వేచ్ఛగా తలపడే సాధనలో, ఎదురు తిరిగే మనిషి మీద పూర్తి బలంతో చెయ్యాలి. తైచీలోనూ తుయిషౌ అనే, ఇద్దరు ఒకరినొకరు తోసుకునే సాధన ఉంది. కానీ అది ముంజేతులు ఆనించి మొదలవుతుంది, ఎంఎంఏవాడు రెండడుగుల అవతల నిలబడి చెయ్యి అందనివ్వడు. మన తాలింఖానాల్లో పహిల్వాన్లు రోజూ మట్టిలో పట్టే జోరు, అంటే సాధన కుస్తీ, రందోరీ లాంటిదే. జాతరల్లో కర్రసాము తిప్పేవాళ్లకు ఆ సౌకర్యం తక్కువ.

వేరే విద్యవాళ్లతో స్పారింగ్ (సాధన పోరు) చేస్తే ఎవరికి ఎక్కడ కన్నం ఉందో వాళ్ల సొంత నిబంధనలే చెప్తాయి. తైక్వాండోలో నడుం కింద తన్నకూడదు కాబట్టి పక్కవాటుగా నిలబడతారు, ముందు కాలు తొడమీద నాలుగు దెబ్బలు పడేసరికి అది బరువు మొయ్యదు. జూడో పోటీల్లో 2010 నుంచి కాళ్లు పట్టడం మీద ఆంక్షలు పెట్టి 2013కి దాన్ని పూర్తిగా నిషేధించారు, ఆ తర్వాత నేర్చుకున్నవాళ్లు కుస్తీవాడు కాలికి దూకితే ఆలస్యంగా కదులుతారు. పాయింట్ కరాటేవాడు దెబ్బ తగలగానే ఆగిపోతాడు, రిఫరీ కేక వేస్తాడన్న అలవాటు కొద్దీ.

అందుకే మంచి జిమ్ముల్లో మొదటి రోజే అన్నీ కలపరు. పెద్దవాళ్లకు 16 ఔన్సుల గ్లవ్స్, షిన్ గార్డులు, మౌత్‌గార్డ్. మూడు నిమిషాల రౌండ్లలో ఒకటి చేతులూ తొడ తన్నులే, ఒకటి క్లించ్ (దగ్గరగా పట్టుకుని పెనుగులాట) మాత్రమే, మూడోది కింద పట్లు, సగం బలంతో. మోచేతులు, తలకు మోకాళ్లు ఉండవు. మడమ తిప్పే పట్టు కొత్తవాళ్ల మీద వెయ్యకూడదు. చేతి పట్లలో ముందు నొప్పి వచ్చి హెచ్చరిస్తుంది, మడమ తిప్పితే మెలిక పడేది మోకాలికి, అక్కడ మాత్రం లిగమెంటు తెగాకే తెలియొచ్చు.