గడ్డం అదే, పూసలూ అవే

మా తమ్ముడు జుట్టు కత్తిరించుకుని మూడేళ్లయింది. భుజాలు దాటిన జుట్టు, గుబురు గడ్డం, మెడలో చెక్కపూసల దండలు, అతుకుల సంచీ. వైజాగ్‌లో మా చుట్టాలందరికీ వాడు 'హిప్పీ'.

మొన్న ఎండాకాలం ఆర్కే బీచ్‌లో, కుర్సురా సబ్‌మెరైన్ ఎదురుగా ఇద్దరం మురీ మిక్చర్ తింటున్నాం. నాలుగేళ్ల పాప ఒకతి తిన్నగా వచ్చి వాడి పూసలు పట్టుకుని ఒక్కొక్కటే లెక్కపెడుతోంది. ఏడో పూస దగ్గర ఆగి వెనక్కి తిరిగి వాళ్లమ్మ వైపు చూసింది. ఆవిడ ఏమీ అనలేదు, మొహం మాత్రం బిగుసుకుపోయింది. అంతే, పూసలు వదిలేసి పరుగు.

అలా వెనక్కి తిరిగి చూడడాన్ని శాస్త్రజ్ఞులు చాలా శ్రద్ధగా పరీక్షించారు. 1985లో జేమ్స్ సోర్స్, జోసెఫ్ కాంపోస్ వాళ్ల బృందం ఏడాది పిల్లల్ని గట్టి గాజు పరిచిన బల్ల మీద వదిలింది. కొంత దూరం పాకాక గాజు కింద గుంట ఉన్నట్టు కనిపిస్తుంది, మరీ లోతుగా కాదు, దాటాలా వద్దా అని తటపటాయించేంత. అవతల అమ్మ ఉంటుంది, కానీ మాట్లాడదు. అమ్మ నవ్వుతుంటే 19 మందిలో 14 మంది దాటేశారు. భయపడ్డట్టు మొహం పెడితే 17 మందిలో ఒక్కరూ దాటలేదు.

కొత్తవాళ్లంటే బెరుకు ఎనిమిది, తొమ్మిది నెలలకే మొదలవుతుంది, నిజమే. కానీ ఈ గడ్డం మంచిదా చెడ్డదా అన్నది మన మొహం చూసే నేర్చుకుంటారు. పైగా "అన్నం తినకపోతే ఆ గడ్డపాయనకి పట్టిచ్చేస్తా" అని మనమే చెప్తాం కదా!

పెద్దవాళ్లమైనా మారతామా అంటే, 1971లో అచ్చయిన ఒక అమెరికన్ పరిశోధన చూడండి. కొందరు హిప్పీల్లా, కొందరు మామూలుగా తయారై క్యాంపస్‌లో విద్యార్థుల్ని ఫోన్ చేసుకోవడానికి పది సెంట్ల నాణెం అడిగారు. తమలాంటి బట్టలే వేసుకున్నవాళ్లు అడిగితే మూడింట రెండు వంతుల మందికి పైగా ఇచ్చారు, వేరే తరహా వాళ్లు అడిగితే సగం మంది కూడా ఇవ్వలేదు. అంటే హిప్పీలు కూడా ముందు బట్టలే చూశారన్నమాట, ఈ సంగతి మా తమ్ముడికి అస్సలు నచ్చలేదు.

కార్తీకంలో వాడు అయ్యప్ప మాల వేసుకున్నాడు. అదే జుట్టు, అదే గడ్డం, మెడలో పూసలు ఇంకో దండ ఎక్కువే. నల్లబట్టలు, నుదుట గంధం, ఉత్త కాళ్లు, అంతే తేడా. బస్సెక్కితే "రండి స్వామీ, కూర్చోండి" అని లేచి సీటిచ్చేవారు. వాడు కనిపిస్తే పిల్లల్ని లోపలికి పిలిచేసుకునే ఎదురింటావిడ, ఈసారి తనే వాళ్లని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చి "స్వామికి దణ్ణం పెట్టు" అంది. పిల్లలు ముందు అమ్మ మొహం చూశారు, తర్వాత నవ్వుతూ వంగి కాళ్లకు దణ్ణం పెట్టారు.

శబరిమల వెళ్లొచ్చి మాల తీసేశాడు. నల్లబట్టలు ఉతికి మడతపెట్టాడు, జుట్టు మాత్రం తీయించలేదు. ఆ మర్నాడు మద్దిలపాలెంలో గాజువాక బస్సెక్కి కిటికీ పక్కన కూర్చుంటే, ఎన్‌ఏడీ జంక్షన్ దాకా వాడి పక్క సీటు ఖాళీ, జనం నిలబడే ఉన్నారు.