పీఎఫ్ పాస్‌బుక్ మొత్తం ఎందుకు చూపించాలి?

బెంగళూరులో మారతహళ్లి, బీటీఎం లేఅవుట్ పీజీల్లో ఉండే మనవాళ్ల వాట్సాప్ గ్రూపుల్లో పాత ప్రశ్నే మళ్లీ తిరుగుతోంది. ఆఫర్ ఇచ్చిన కంపెనీ పీఎఫ్ పాస్‌బుక్ మొత్తం అడిగితే ఇవ్వాలా?

ఐటీలో బ్యాక్‌గ్రౌండ్ చెక్ కొత్తదేమీ కాదు. ఐటీ కంపెనీల సంఘం నాస్‌కామ్ 2006లోనే ఉద్యోగుల వివరాలు సరిచూసి ఉంచే నేషనల్ స్కిల్స్ రిజిస్ట్రీ పెట్టింది. అసలు మలుపు 2014లో వచ్చింది. అంతకుముందు ఉద్యోగం మారితే పీఎఫ్ నంబరూ మారేది. ఆ ఏడాది వచ్చిన యూఏఎన్ (యూనివర్సల్ అకౌంట్ నంబర్)తో ఎన్ని కంపెనీలు మారినా నంబరు ఒకటే అయింది. ఉద్యోగి డబ్బు ఎక్కడా చిక్కుకోకూడదని చేసిన మంచి ఏర్పాటే అది. కంపెనీలకు మాత్రం సర్వీసు రికార్డంతా ఒకేచోట దొరికినట్టయింది.

దాని విలువ 2022లో మూన్‌లైటింగ్ (ఒక ఉద్యోగంలో ఉంటూనే చాటుగా ఇంకోటి చేయడం) గొడవప్పుడు బయటపడింది. పోటీ కంపెనీలకు పనిచేస్తున్న 300 మందిని విప్రో తీసేసిందని ఆ కంపెనీ చైర్మన్ రిషద్ ప్రేమ్‌జీ ఆ సెప్టెంబర్‌లో చెప్పారు. ఒకే నెలలో రెండు చోట్ల పీఎఫ్ పడిందా అని చూడటం ఆ తర్వాత మామూలైపోయింది.

ఫేక్ ఎక్స్‌పీరియన్స్ పెట్టేవాళ్లను పట్టుకోవద్దా అని కంపెనీలు అడుగుతాయి. పట్టుకోవాల్సిందే. అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా ఆ దందా తెలియనిదెవరికి?

కానీ పాస్‌బుక్‌లో ఉద్యోగం చేసిన తేదీలతో ఆగదు. ఎంత జీతం మీద పీఎఫ్ కట్టారో నెలనెలా ఉంటుంది. మధ్యలో డబ్బు తీస్తే అదీ ఉంటుంది. ‘68జె’ అని ఉంటే జబ్బు కోసం తీసిన అడ్వాన్సు. ‘68కె’ అయితే పెళ్లికో, చదువుకో. అమ్మ ఆపరేషన్‌కి తీసుకున్న డబ్బు సంగతి హెచ్‌ఆర్‌కి ఎందుకు? పైగా పాత కంపెనీ ఎగ్జిట్ డేట్ తప్పుగా వేస్తే రెండు ఉద్యోగాలు చేసినట్టు కనిపిస్తుంది. ఆ తప్పుకి సంజాయిషీ చెప్పుకుంటూ తిరగాల్సింది అభ్యర్థే.

వ్యక్తిగత గోప్యత ప్రాథమిక హక్కని 2017లో సుప్రీంకోర్టు చెప్పింది. ఆ కేసు వేసిన రిటైర్డ్ జడ్జి జస్టిస్ పుట్టస్వామి ఈ ఊరివారే. 2023 డేటా రక్షణ చట్టంలోని సెక్షన్ 7 మాత్రం ఉద్యోగ అవసరాలకు, యజమానికి నష్టం రాకుండా చూసుకోవడానికి సమ్మతి లేకుండానే డేటా వాడుకోవచ్చంటుంది. ఇంకా చేరని అభ్యర్థి అందులోకి వస్తాడా? 2022 నవంబర్ ముసాయిదాలో నియామకాలు కూడా వస్తాయని విడిగా రాశారు. చట్టంగా వచ్చేసరికి అది లేదు. తీసేశారు కాబట్టి అభ్యర్థులను మినహాయించినట్టేనన్న వాదనకే బలం ఎక్కువ.

2025 నవంబర్‌లో ఆ చట్టం నియమాలొచ్చాయి. పని అయ్యాక డేటా చెరిపేయాలన్న బాధ్యత కంపెనీల మీద పడేది మాత్రం 2027 మేలో. అప్పటిదాకా ఆఫర్ రద్దయినవాళ్ల పాస్‌బుక్‌లు కూడా వెరిఫికేషన్ ఏజెన్సీల సర్వర్లలో ఉండిపోవచ్చు.